బ్యాంకు పుస్తకంలో లేని బాకీ

రాజమహేంద్రవరం

చి.ల.సౌ. అమ్మలూకి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.  

లోన్ క్లోజయిందన్న కబురు మీ పెదనాన్నతో చెప్పగానే ఆయన పేపరు పక్కన పెట్టి, ఎన్నేళ్లకి తీసుకున్నారు, ఎన్నేళ్లలో తీర్చారు అని అడిగారు. ఇరవై ఏళ్ల అప్పు తొమ్మిదేళ్లలో తీర్చారన్నాను. రోజంతా వచ్చినవాళ్లకల్లా అదే చెప్పుకున్నారు. మాకు అంత సంతోషంగా ఉంది. కానీ ఫోన్లో నీ గొంతులో సంతోషం కంటే తికమకే ఎక్కువ వినిపించింది. అల్లుడుగారు శంకరపల్లి వైపు స్థలం చూద్దామంటున్నారన్నావు. నువ్వేమో ఉద్యోగం మానేస్తానన్నావు. పక్కనుంచి మీ పాప బుజ్జాయి పిలిస్తే ఫోన్ పెట్టేశావు. ఇవి ఫోన్లో తేలే సంగతులు కావు. పైగా నేను చెప్పదలుచుకున్న ఒక మాట నువ్వు నిదానంగా చదువుకోవాలి. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

బ్యాంకులో లోన్ల సీట్లో చాలా ఏళ్లు కూర్చున్నదాన్ని కనుక మీరు చేసిన పని ఎంతటిదో నాకు తెలుసు. 50 లక్షలు, 8.5 శాతం, ఇరవై ఏళ్లు. నెలకి 43,391 రూపాయలు. మొదటి నెల అందులో 35,417 వడ్డీకే పోయింది. అసలులో తగ్గింది 7,974. చివరిదాకా అలాగే కట్టుకుంటూ పోతే వడ్డీ ఒక్కటే 54 లక్షలు దాటేది. మా ఇంటి అప్పు తీరు వేరు. మీ పెదనాన్నది తపాలా శాఖ కాబట్టి హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు తీసుకున్నాం. అందులో ముందు అసలే కోస్తారు, 180 నెలల దాకా. అసలు పూర్తయ్యాక వడ్డీ మరో 60 నెలలు. ప్రతి నెలా అసలు తరుగుతూ కళ్లకి కనిపించేది, మనసుకి ధైర్యంగా ఉండేది. మీకు ఆ ధైర్యం కూడా లేదు. 2022 మేలో 4 శాతం ఉన్న రెపో రేటు 2023 ఫిబ్రవరి నాటికి 6.5 అయింది. మీ వాయిదా మాత్రం మారలేదు, కట్టాల్సిన నెలలు పెరిగాయి. ఐదేళ్లకు పైగా కట్టాక కూడా గడువు వెనక్కి జరిగిందని ఆ స్టేట్‌మెంట్ చూసి నువ్వు ఏడ్చావని మీ అమ్మ నాకు చెప్పింది. ఆ తర్వాత నుంచే కదా, బోనస్ వచ్చిన ప్రతిసారీ పైసా మిగుల్చుకోకుండా అసలులోకి కట్టడం మొదలుపెట్టావు. భయపడి చేసినా మంచి పని చేశావు. ఫ్లోటింగ్ రేటు ఇంటి అప్పు ముందే తీరిస్తే జరిమానా వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లో బ్యాంకులకి చెప్పింది. అంతకుముందు, డబ్బు కూడబెట్టుకుని తీర్చడానికి వచ్చినవాళ్ల దగ్గరే మళ్లీ ఇంత శాతం అని వసూలు చేసేవాళ్లం. నాకు ఆ పని ఏనాడూ నచ్చలేదు.

కాగితాల సంగతి ముందు చెప్పేస్తాను. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు ఒరిజినల్ డాక్యుమెంట్లన్నీ తిరిగి ఇవ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు మీకు కట్టాలి. 2023 డిసెంబరు నుంచి ఇది నియమం. కాబట్టి "వచ్చే వారం రండి" అంటే తల ఊపి వచ్చేయకు, రాసి ఇమ్మను. అప్పు తీసుకున్న రోజున ఏయే కాగితాలు పెట్టారో లిస్టు ఇచ్చి ఉంటారు. అది చేత్తో పట్టుకుని సేల్ డీడ్ నుంచి లింకు డాక్యుమెంట్ల దాకా పేజీ పేజీ చూసుకుని సంతకం పెట్టు. నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకో. తాకట్టు మెమొరాండం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించి ఉంటే దాని రద్దు పత్రం కూడా రిజిస్టర్ కావాలి. చాలామంది ఈ పని మర్చిపోతారు. పదేళ్ల తర్వాత అమ్మబోతే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, అదే ఈసీలో, పాత తాకట్టు అలాగే కనిపిస్తుంది. అప్పటికి ఆ బ్రాంచి ఉంటుందో లేదో, ఉన్నా ఆ ఫైలు ఎవరు వెతుకుతారు? తాకట్టుల కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో తాకట్టు తీసేశారో లేదో అడుగు. క్రెడిట్ రిపోర్టు ఇచ్చే సిబిల్‌లో ‘క్లోజ్‌డ్’ అని పడిందో లేదో ఒకటి రెండు నెలలాగి చూసుకో. లోన్‌తో పాటు ఇన్సూరెన్సు పాలసీ ఏదైనా ఇచ్చి ఉంటే దాని షరతులు చదువు. మిగిలిన కాలానికి కొంత సొమ్ము వెనక్కి రావచ్చు. ఇంటికి ఉన్న అగ్నిప్రమాద పాలసీని మాత్రం, బ్యాంకు పోరు లేదు కదా అని వదిలేయకండి. ఇంకొకటి, భద్రంగా ఉంటుందని సేల్ డీడ్‌కి లామినేషన్ చేయించకు. రేపు ఎవరైనా అసలుదో కాదో పరీక్షించాలంటే కష్టమవుతుంది.

ఇక స్థలం సంగతి. అల్లుడుగారి మీద కోపం తెచ్చుకోకు. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు అద్దె ఇళ్లు మారుతూనే ఉన్నారు. భూమి అంటే ఆయనకి లాభం కంటే ముందు భరోసా. ఆ మాట నువ్వే ఆయనతో అను. తన మనసు నీకు తెలుసని ఆయనకి తెలిస్తే సగం తొందర తగ్గుతుంది. కానీ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. కనీసం ఒక ఏడాది ఏ అప్పూ చేయకండి. అప్పు ముందే తీర్చినవాళ్లంటే అప్పిచ్చేవాళ్లకి ఎంత ఇష్టమో నా సీట్లో కూర్చుని చూశాను. మీకు ఇప్పుడు వరసగా ఫోన్లు వస్తాయి. డాక్యుమెంట్లు తీసుకెళ్లి ఆరు నెలలు తిరక్కుండానే అవే డాక్యుమెంట్లు మళ్లీ పట్టుకొచ్చిన దంపతులు చాలామంది నాకు తెలుసు. వాళ్లకి కొత్త అవసరమేమీ వచ్చి ఉండదు. నెలకి ఇంత కట్టడం అలవాటైపోయి, కట్టకపోతే ఏదో పోగొట్టుకుంటున్నామన్న బెంగ వాళ్లని తీసుకొచ్చేది.

ప్రీ లాంచ్ అనీ, ఫామ్ ప్లాట్ అనీ గుంటల లెక్కన అమ్ముతూ ఆదివారం కారు పంపిస్తామనేవాళ్లుంటారు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోగానీ ఎనిమిదికి మించిన ఫ్లాట్లతోగానీ వేసే ప్రాజెక్టు, స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కాకుండా ప్రకటనే ఇవ్వకూడదు, అమ్మకం మాట తర్వాత. అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. 2016 నాటి రెరా చట్టంలోనే ఉన్నాయివి. అల్లుడుగారు చూసిన స్థలానికి రెరా నంబరు ఉందా, లేఅవుట్ అనుమతి ఉందా కనుక్కోమను. ఈ రెండు కాగితాలూ సరిగ్గా ఉన్న స్థలం వచ్చే ఏడాదీ దొరుకుతుంది.

ఉద్యోగం మానేస్తానన్నావు. మానేసి ఏం చేస్తావో చెప్పలేదు. నేను అడగలేదు కూడా, ఎందుకంటే అది నీ అలసట అన్న మాటని అర్థమైంది. తొమ్మిదేళ్లుగా నీ నోటి వెంట వచ్చినవన్నీ "లోన్ అయ్యాక"తోనే మొదలయ్యాయి. నడుం నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్లడం లోన్ అయ్యాక. వీణ మళ్లీ పట్టుకోవడం లోన్ అయ్యాక. బుజ్జాయి స్కూలు వార్షికోత్సవానికి సెలవు పెట్టడం కూడా అంతే. అన్నీ వాయిదా వేసిన మనిషికి ఒక్కసారిగా అడ్డు తొలగిపోతే కాళ్లు తేలిపోతాయి, కూర్చుండిపోవాలనిపిస్తుంది. నీ అలసటని నేను తేలిగ్గా తీసుకోవడం లేదమ్మా. విశ్రాంతి నీకు కావాలి, దక్కాలి కూడా. కానీ విశ్రాంతి తీసుకోవడం వేరు, రాజీనామా వేరు. నెలో రెండు నెలలో జీతం లేని సెలవు అడుగు. ఇస్తే తీసుకుని నిద్రపో. నడుం చూపించుకో. ఆ తర్వాత కూడా ఆఫీసు గుర్తొస్తే కడుపులో తిప్పినట్టుంటే అప్పుడు మానేద్దువుగాని. నేనూ వద్దనను.

మానే ముందు ఒక పరీక్ష మాత్రం పెట్టుకోండి. ఆరు నెలల పాటు నీ జీతంతో సంబంధం లేకుండా అల్లుడుగారి జీతంతోనే ఇల్లు నడిపి చూడండి. స్కూలు ఫీజు, మెయింటెనెన్సు, పండగలు, పెళ్లిళ్లకి ప్రయాణాలు అన్నీ కలిపి. నడిస్తే నీకు స్వేచ్ఛ ఉన్నట్టు. ఎక్కడ నడవలేదో తెలిస్తే అదీ మంచిదే, అక్కడ సర్దుకోవచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి ఆరోగ్య బీమా. ఇప్పుడు మీ అత్తగారికీ, మావగారికీ కూడా నీ కంపెనీ పాలసీయే కదా. ఉద్యోగం పోయిన రోజున అదీ పోతుంది. సొంత పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా ఆగమనే హక్కు కంపెనీకి ఉంది. మావగారికి షుగరు. కాబట్టి ఉద్యోగంలో ఉండగానే సొంత పాలసీ తీసుకుంటే ఆ మూడేళ్లు ఇప్పటినుంచే లెక్కలోకొస్తాయి. వ్యక్తిగత పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా తీసేశారు.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం మొదలుపెట్టడానికి కారణమైన అసలు మాట.

మీ ఫ్లాటు అరవై రెండున్నర లక్షలు. 30 లక్షలు దాటి 75 లక్షల దాకా ఉన్న అప్పుకి ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదు కాబట్టి బ్యాంకు 50 లక్షలిచ్చింది. మిగతా పన్నెండున్నర లక్షలు మార్జిన్ మనీ. అవి మీ నాన్నవి. ఈ సంగతి నీకు తెలియదనను. కానీ ఆ డబ్బు ఏ డబ్బో నీకు పూర్తిగా తెలుసా అన్నది నా సందేహం. రిటైరయ్యాక వచ్చిన డబ్బు అని మాత్రమే ఆయన మీకు చెప్పి ఉంటారు.

మీ నాన్న 2016లో హైస్కూలు నుంచి రిటైరయ్యారు. గ్రాట్యుటీ కొంత మీ తమ్ముడి చదువు అప్పుకి పోయింది. నీకిచ్చిన దాంట్లో ఎక్కువ భాగం కమ్యుటేషన్ సొమ్ము. కమ్యుటేషన్ అంటే ఆకాశంలోంచి ఊడిపడేది కాదు. నెలనెలా రావాల్సిన పింఛనులో నలభై శాతం దాకా ముందే ఒక్కసారిగా తీసుకోవడం. తీసుకున్నాక పదిహేనేళ్ల పాటు ఆ మేరకు తగ్గించిన పింఛనే వస్తుంది. అంటే 2031 దాకా. నువ్వు ఫ్లాటు కొన్నప్పటి నుంచీ ప్రతి నెలా మీ జీతాల్లోంచి వాయిదా వెళ్లినట్టే, మీ నాన్న పింఛనులోంచి కూడా వెళ్తోంది. మీది ఆగింది. ఆయనది ఇంకా నడుస్తోంది.

ఇది ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. లెక్కలు తెలిసినదాన్ని కాబట్టి నాకు కనిపించింది. మొన్న కొవ్వూరు వెళ్లినప్పుడు మీ అమ్మానాన్నల వంటింటి శ్లాబు చూశాను. రెండు వానాకాలాలుగా కారుతోంది. ఇనుము బయటపడి తుప్పు పట్టింది. మీ అమ్మ పొయ్యి పక్కన బేసిను పెట్టుకుని వండుతోంది. ఎందుకు చేయించలేదంటే "వచ్చే ఏడు చూద్దాం" అన్నారు మీ నాన్న. అడగ్గా అడగ్గా అసలు కారణం మీ అమ్మ చెప్పింది, నీకు చెప్పనని ఒట్టు పెట్టుకుందట. ఆ ఒట్టు నేను పెట్టుకోలేదు, అందుకే రాస్తున్నాను.

ఈ మాట చదివి నువ్వు కుమిలిపోవాలని కాదు. ఆయన ప్రేమతో ఇచ్చారు, నువ్వు ప్రేమతో తీసుకున్నావు, ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ ఆ 43 వేలకి ఇప్పుడు కొత్త దారి వెతుకుతున్నావు కనుక, మొదటి దారి కొవ్వూరుకి వేయమంటున్నాను. బ్యాంకు పుస్తకంలో లేని బాకీ కదా, దీనికి నోటీసు రాదు, వడ్డీ పెరగదు, ఎవరూ ఫోన్ చేయరు. నువ్వు గుర్తుపెట్టుకుంటేనే ఉంటుంది.

ఆయన తీసుకోరని నాకు తెలుసు. కూతురి సొమ్ము ముట్టుకోకూడదనే పాత పట్టింపు ఆయనది. కొడుకు చూసుకుంటాడు, ఆడపిల్ల ఎందుకు చూడాలి అంటారు. నాకు ఈ పట్టింపు మీద మొదటినుంచీ కోపమే. ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా చట్టం చేసింది. దేశం మొత్తానికి అది 2005లో గానీ రాలేదు. ఆస్తిలో సమానమైన కూతురు, అమ్మానాన్నల్ని చూసుకోవడంలో మాత్రం ఎందుకు తక్కువ కావాలి? ఇదే మాట మీ నాన్నతో నేను అంటాను. మరదల్ని కాదు, భార్య అక్కని. నా మాట ఆయన కొట్టిపారేయరు.

నువ్వు మాత్రం "ఇవ్వనా" అని అడగకు. అడిగితే వద్దనే అంటారు. ముందు శ్లాబు. మేస్త్రీని నేను మాట్లాడి పంపిస్తాను, వానలు మొదలయ్యేలోపు పని అయిపోవాలి. ఆ ఖర్చు మీ మొదటి రెండు మూడు నెలల మిగులు. తర్వాత ప్రతి నెలా ఒకటో తారీకున, పాత వాయిదా వెళ్లినట్టే, 20 వేలు ఆయన పింఛను ఖాతాలోకి వెళ్లేలా బ్యాంకుకి చెప్పేయి. ఐదేళ్ల చిల్లరలో పన్నెండున్నర లక్షలూ పూర్తవుతాయి. అప్పటికి 2031 వస్తుంది, ఆయన పూర్తి పింఛనూ తిరిగి మొదలవుతుంది. కూతురు తండ్రికిచ్చిన డబ్బు మీద పన్ను ఉండదు. ఆయన ఖర్చు పెట్టరు, దాస్తారు, అది ఆయన స్వభావం. దాస్తే పెద్దవాళ్ల సేవింగ్స్ స్కీములో వేయించు. పోస్టాఫీసులో 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం ఇస్తున్నారు, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. చేతికొచ్చిన వడ్డీని మీ అమ్మ ఖర్చు పెట్టిస్తుంది, ఆ భారం నా చెల్లెలి మీద వదిలేయి.

అల్లుడుగారితో చెప్పకుండా ఇది చేయకు. ఆయన మంచివాడు, ఒప్పుకుంటారు. మీ ఫ్లాటు ఆయనది కూడా, అందులో పడుకునే పిల్ల ఆయన పిల్ల. వాళ్ల అమ్మానాన్నలకి బీమా నీ పేరు మీదే నడుస్తోందన్న సంగతీ ఆయనకి తెలుసు.

మిగిలిన 23 వేలతో ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు ఒక పక్కన పోగవ్వాలి. ఉన్నదంతా అసలులోకి కట్టేశావు కనుక ఇప్పుడు మీ చేతిలో రొక్కం లేదు. నాకు అన్నిటికంటే బెంగగా ఉన్నది అదే. అది నిండేదాకా పెట్టుబడుల మాట ఎత్తకండి. నిండాక ఏ ఫండో, ఏ స్కీమో అల్లుడుగారికే వదిలేయి, నాకంటే ఆయనకి బాగా తెలుసు. బుజ్జాయికి ఇంకా పదేళ్లు నిండలేదు కాబట్టి సుకన్య సమృద్ధి ఖాతా ఒకటి తెరిపించండి. పదేళ్లు దాటితే తెరవనివ్వరు. వీణ మాస్టారి ఫీజు కూడా ఈ లెక్కలోనే రాయి. దానికి వేరే ఎక్కడో మిగిలితే చూద్దామనుకుంటే ఎప్పటికీ మిగలదు.

ఇంకొక్కటే. ఇల్లు మీ ఇద్దరి పేరు మీదా ఉంది. ఇద్దరూ చెరొక వీలునామా రాయండి. తెల్ల కాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు సంతకం పెడితే సరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదుగానీ చేయించుకుంటే మంచిది. వీలునామా లేకపోతే ఆయన వాటా నీకూ, బుజ్జాయికీ, మీ అత్తగారికీ సమానంగా వెళ్తుంది. అత్తగారికి వెళ్లకూడదని కాదు నేననేది. ఎవరికి ఎంత అన్నది బతికుండగా మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకుని రాసుకోవాలి, వెనక ఉన్నవాళ్లు తగవులాడి తేల్చుకునే పని కాకూడదు. ఇలాంటివి మాట్లాడటం అశుభమని మీ అత్తగారు అంటే, నా పేరు చెప్పు.

డాక్యుమెంట్లు చేతికి రాగానే ఈసీ తీయించి నాకు వాట్సాప్‌లో పంపు, నేను ఒకసారి చూస్తాను. మేస్త్రీ ఎస్టిమేటు ఈ ఆదివారానికి నీకు పంపిస్తాను. శ్లాబు సంగతి నీకు తెలిసిందని మీ అమ్మతో నేనే చెబుతాను, నువ్వు ఫోన్ చేసి దెబ్బలాడకు.

అల్లుడుగారికి మా ఆశీస్సులు. బుజ్జాయికి ముద్దులు. మీ అత్తగారికీ మావగారికీ నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
పెద్దమ్మ